కాలేవి కళ్ళ ముందే కాలనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో, పిల్లలు సరదాకి కెపాసిటర్లు, అంటే చార్జ్ దాచుకునే చిన్న పార్టులు, పేల్చి వీడియోలు తీస్తున్నారు, తల్లిదండ్రులు ఓ కన్నేసి ఉంచాలి అని చిన్న రైటప్ వచ్చింది కదండీ, అది చదివిన దగ్గర్నుంచి రాద్దామా వద్దా అనుకుంటూనే ఇవాళ్టికి కూర్చున్నాను. నేను పాతికేళ్ళు పవర్ సప్లైలు రిపేర్ చేసినవాణ్ణి, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్తున్నాను. ఆ రైటప్‌లో చెప్పిన ప్రమాదం నిజమే, నేను కాదనను. కానీ చివర్లో ఇలాంటివి అసలు దగ్గరికే రానివ్వకూడదు అని తేల్చేశారు చూడండీ, అక్కడ నాకు మనసొప్పలేదు. ఒక పార్టుని కావాలని ఓవర్‌లోడ్ చేసి, అది ఎలా పోతుందో పక్కనుండి ఒక్కసారి కూడా చూడనివాడికి, అదే పార్టు రేపు ఇంట్లో అర్ధరాత్రి పోతున్నప్పుడు వచ్చే వాసన ఏంటో తెలీదండీ, తెలీక కిటికీ తీసి మళ్ళీ పడుకుంటాడు.

మా ల్యాబ్‌లో మొదటి క్లాసు ఎప్పుడూ ఒక రెసిస్టర్‌తోనే, అంటే కరెంటుని అడ్డుకునే చిన్న పార్టుతోనే, మొదలుపెడతాను. 100 ఓమ్స్, పావు వాట్ ది. దానికి 12 వోల్టులు ఇస్తే ఎంత వేడి పుడుతుందో ముందు కాగితం మీద లెక్క వేయమంటా, 12ని 12తో గుణించి 100తో భాగిస్తే 1.44 వాట్లు, అంటే అది మోయగలిగిన దానికి దాదాపు ఆరు రెట్లు. లెక్క అందరూ చకచకా వేస్తారు, ఎవరి మొహంలోనూ ఏమీ ఉండదు. అప్పుడు స్విచ్ వేస్తాను. మొదటి కొన్ని సెకన్లు ఏం జరగదు, తర్వాత పెయింటు వేడెక్కిన వాసన సన్నగా మొదలవుతుంది, లేత రంగులో ఉన్న ఒళ్ళు ముదురుతుంది, రంగు చారలు ఏది ఏదో తెలీకుండా కలిసిపోతాయి, ఆ పైన దారంలా పొగ లేస్తుంది. తర్వాత 10 ఓమ్స్ ది పెడతాను, అదే 12 వోల్టులు, ఈసారి 14.4 వాట్లు. ఇది వాసన దాకా కూడా ఆగదు, చూస్తుండగానే ఎర్రగా వెలిగి టప్‌మని తెగిపోతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు అవుతుందని జూల్ అనే శాస్త్రవేత్త 1841లోనే చెప్పాడు, పిల్లలందరూ పరీక్షలో రాసే ఉంటారు, కానీ ఆ నాలుగింతలు అనే మాట వాళ్ళకి ఒంట్లోకి ఎక్కేది ఆ టప్ అనే చప్పుడుతోనే. ఆ రోజు నుంచి వాట్ రేటింగ్ చూడకుండా ఒక్కడు కూడా రెసిస్టర్ పెట్టడు, నేను చెప్పక్కర్లేదు.

ఇక కెపాసిటర్ సంగతి. మీ రైటప్‌లో బాంబులా పేలుతుంది అని రాశారు, అంతకంటే తెలుసుకోవాల్సింది ఇంకా చాలా ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు మీద చాలా పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, ఇన్సులేషన్ అంతా ఆ పొరే. ప్లస్ మైనస్ తిప్పి పెడితేనో, రాసి ఉన్న వోల్టేజ్ కంటే ఎక్కువ ఇస్తేనో ఆ పొర దెబ్బ తింటుంది, లీకేజీ కరెంటు పెరుగుతుంది, లోపల ద్రవం వేడెక్కి గ్యాస్ పుడుతుంది. మందపాటి ప్లాస్టిక్ మూత ఉన్న పెట్టెలో పెట్టి, కరెంటు లిమిట్ ఉన్న సప్లై ఇచ్చి, నేను దూరం నుంచి స్విచ్ వేస్తాను, పిల్లల్ని చూడమనేది మాత్రం కెపాసిటర్‌ని కాదు, ఆంప్ మీటర్‌ని. ముందు ముల్లు కాస్త కదులుతుంది. తర్వాత ఎవరో తోస్తున్నట్టు మెల్లగా పైకి పోతుంది. బయటికి కెపాసిటర్ ఇంకా కొత్తదానిలాగే నిగనిగలాడుతూ ఉంటుందండీ, లోపల మాత్రం పని అయిపోయింది. ఇంకాసేపటికి పైన ప్లస్ గుర్తులాగా గీసి ఉంటుందే, ఆ గీతల దగ్గర ఉబ్బుతుంది, ఆ తర్వాత బుస్సుమని చీలి తెల్లటి ఆవిరి కొడుతుంది. ఆ గీతలు అందం కోసం పెట్టినవి కాదు, గ్యాస్ అక్కణ్ణుంచే పోవాలని కావాలనే రేకుని పల్చన చేసి పెట్టారు. మరీ చిన్న సైజు వాటికి ఆ గీతలు ఉండవు, వాటిల్లో కింద రబ్బరు బిరడా మిగిలి పైన డబ్బా మొత్తం ఎగిరిపోతుంది, వీడియోలు తీసే పిల్లల కళ్ళకి నిజంగా ప్రమాదం అక్కడ ఉంది, ఇది మీరు రాసి ఉంటే బాగుండేది. టాంటలం అనే లోహంతో చేసే కెపాసిటర్ ఇంకో రకం, దాంట్లో ఉండే మాంగనీస్ డయాక్సైడ్ వేడికి ఆక్సిజన్ వదులుతుంది, అందుకే అది పొగతో ఆగదు, మంట పడుతుంది.

2000 తర్వాత కొన్నేళ్ళు కంప్యూటర్ మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు గుంపులు గుంపులుగా ఉబ్బిపోయిన రోజులు రిపేర్ పనిలో ఉన్నవాళ్ళందరికీ గుర్తే ఉంటాయి. ఎవరూ ఓవర్‌లోడ్ చెయ్యలేదు, ఎవరూ తిప్పి పెట్టలేదు. లోపల పోసిన ద్రవం ఫార్ములా సరిగ్గా లేక అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ పుట్టి, మామూలు వాడకంలోనే అవి అలా ఉబ్బాయి. ఉబ్బిన నెత్తి చూస్తే చాలు జబ్బేంటో చెప్పేసేవాళ్ళం. కానీ ఆ గుర్తు తెలీని ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ తప్పు అనుకుని నెలల తరబడి ఫార్మాట్ల మీద ఫార్మాట్లు కొట్టించుకున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా ఇదే. చాలా ల్యాబుల్లో పార్టు కాలిస్తే తిట్లు, లేదంటే డబ్బులు కట్టించుకోవడం. దాంతో పిల్లాడు ఏం చేస్తాడండీ, దాచేస్తాడు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట, పేరు వద్దు, ఒక బెంచ్ సప్లైలో 1 ఆంప్ ఫ్యూజు ఉండేది. ఎవరో కుర్రాడు షార్ట్ చేశాడు, ఫ్యూజు పోయింది, చెప్తే ఏమంటారో అని భయపడి వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి పోయిన ఫ్యూజు చుట్టూ చుట్టి మళ్ళీ హోల్డర్‌లో పెట్టేశాడు. సప్లై ఆన్ అయ్యింది, అందరూ వాడారు, ఎవరికీ ఏమీ తెలీలేదు. 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు తెగాలంటే సుమారు 7 ఆంపులు కావాలి. కొన్ని వారాల తర్వాత లోపల ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలో ఒక డయోడ్ షార్ట్ అయ్యింది, ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, అంటే అవుట్‌పుట్ వైపు వైండింగ్, దాని మీదుగా షార్ట్ పడింది, మెయిన్స్ వైపు, అంటే గోడ ప్లగ్ వైపు, నాలుగైదు ఆంపులు లాగి ఉంటుంది అని నా అంచనా, అంటే 1 ఆంప్ ఫ్యూజుకి వెంటనే తెగేంత, ఆ పోగుకి మాత్రం లెక్కలోకి రానంత. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతూనే ఉంది, వైండింగ్ మీద పసుపు టేపు ముడుచుకుపోయింది, ఆ పైన వార్నిష్ పొగ గది నిండా కమ్మేసింది. నేను వెళ్ళి ప్లగ్ పీకేసరికి డబ్బా మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఇంకో పది నిమిషాలు ఎవరూ చూడకపోతే ఏమై ఉండేదో నేను రాయదలుచుకోలేదు. ఆ వాసన ఆ గదిలో వారం పైన ఉంది. తప్పంతా ఆ కుర్రాడి మీద వెయ్యడం సులువే, కానీ దాచేలా భయపెట్టింది మేమే అని నేను ఆ రోజు నుంచి నమ్ముతున్నాను.

ఆ ఫ్యూజు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని పక్కన ఇంకో రెండు గాజు ఫ్యూజులు పెట్టి ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తాను. ఒకదాంట్లో తీగ మధ్యలో మెత్తబడి ఊరికే విడిపోయి ఉంటుంది, గాజు శుభ్రంగా ఉంటుంది, అంటే లోడు కొంచెం ఎక్కువై మెల్లగా పోయింది. రెండోదాంట్లో గాజు లోపలంతా నల్లగా, అక్కడక్కడ అద్దంలా మెరుస్తూ ఉంటుంది, అంటే డెడ్ షార్ట్, తీగ ఆవిరైపోయి గాజుకి అంటుకుంది. ఈ రెండోది కనబడిందంటే కొత్త ఫ్యూజు వేసి మళ్ళీ స్విచ్ వెయ్యకూడదు, ముందు మీటరు పెట్టి బ్రిడ్జి, మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ ఉన్నాయేమో చూసుకోవాలి. ఇంత చిన్న గాజు ముక్క ఇంత విషయం చెప్తుంటే, పోయిన ఫ్యూజు అని పారేస్తారు! ఇంకోటి, 1 ఆంప్ ఫ్యూజు 1 ఆంప్ దాటగానే తెగుతుందని చాలామంది అనుకుంటారు, అది కాదండీ, గాజు ఫ్యూజుల్లో బాగా వాడకంలో ఉన్న అంతర్జాతీయ రకానివి ఒకటిన్నర రెట్లు కరెంటుని గంటసేపైనా మోయాలి, పది రెట్లు వస్తే మాత్రం ఫాస్ట్ రకం సెకనులో యాభయ్యో వంతులోపే తెగాలి.

ఇప్పుడున్న ల్యాబ్‌లో కాల్చినందుకు ఫైన్ లేదు, దాస్తేనే మాట పడుతుంది, ఇది మొదటి రోజే చెప్తాను. దానివల్ల ఏమైందో కూడా చెప్పాలి. ఒకమ్మాయి పాత కంప్యూటర్ సప్లై ఒకటి తెచ్చుకుంది, వెనకాల 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉండే రకం. అది ఎందుకుందో అని జరిపి చూసింది, మళ్ళీ 230కి జరపడం మర్చిపోయి ప్లగ్ పెట్టింది. ఢాం! గది మొత్తం ఉలిక్కిపడింది, ఎంసీబీ ట్రిప్ అయ్యింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అమ్మాయి వణుకుతూనే నేరుగా నా దగ్గరికి వచ్చి, సార్ నేను ఆ స్విచ్ జరిపాను అంది. ఆ ఒక్క మాట చాలు నాకు. మర్నాడు ముందు కెపాసిటర్లలో చార్జ్ మిగిలిందేమో మీటరుతో చూసుకుని, అందరి ముందూ దాన్ని విప్పాం. 230 వోల్టుల ఏసీ అంటే పీక్ దగ్గర 325 వోల్టులు. స్విచ్ 115 మీద ఉంటే లోపల సర్క్యూట్ వోల్టేజ్ డబులర్ అవుతుంది, తక్కువ వోల్టేజీని రెట్టింపు చేసుకోవడం కోసం. దానికి 230 ఇస్తే 650 వోల్టులు తయారవుతాయి, లోపల వరసగా ఉన్న రెండు కెపాసిటర్లూ 200 వోల్టులవి, ఒక్కోదాని నెత్తిన 325 పడింది. రెండూ చీలిపోయాయి, లోపలి కాగితం పీలికలు మూతకంతా అతుక్కుని ఉన్నాయి. ఆ క్లాసులో డబులర్ గురించి నేను బోర్డు మీద గీసింది ఒకే ఒక్క బొమ్మ, ప్రశ్నలు మాత్రం గంటన్నర ఆగలేదు.

దాచడం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే పెద్ద పెద్ద ఫెయిల్యూర్ల కథలు చూసినా అదే కనబడుతుంది. కమొడోర్ 64 అని 1982లో వచ్చిన కంప్యూటర్, దాని పాత పవర్ సప్లై లోపలంతా ఎపాక్సీ పోసి గడ్డ కట్టించేశారు, వేడి బయటికి సరిగ్గా పోదు, విప్పి చూసే వీలు లేదు. అది పోయేటప్పుడు ఊరికే చచ్చిపోదు, వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ చెడి 5 వోల్టుల లైను పైకి ఎక్కిపోతుంది, దాంతో కంప్యూటర్‌లో మెమరీ చిప్పులు పోతాయి. సప్లై చస్తే ఒక సప్లైతో పోవాలి, లోడుని కూడా తీసుకుపోయే చావు అన్నిటికంటే చెడ్డది. దీనికి మందు క్రోబార్ సర్క్యూట్. వోల్టేజ్ హద్దు దాటగానే ఎస్‌సీఆర్ అనే ఒక ఎలక్ట్రానిక్ స్విచ్ ఆన్ అయ్యి సప్లైని తనే షార్ట్ చేసేసి ఫ్యూజుని తెగ్గొడుతుంది. అంటే కావాలని ఓవర్‌లోడ్ చెయ్యడమే ఇక్కడ రక్షణ అన్నమాట, నాకు ఎలక్ట్రానిక్స్‌లో అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఇది.

అపోలో 13 సంగతి అందరికీ పైపైన తెలుసు, 1970 ఏప్రిల్ 13న ఆక్సిజన్ ట్యాంకు పేలిందని. కానీ దాని మొదలు ఒక స్విచ్ రేటింగ్ దగ్గర ఉంది. ట్యాంకు లోపల హీటరుకి థర్మోస్టాట్ స్విచ్‌లు, అంటే వేడి ఎక్కువైతే తెరుచుకుని హీటరుని ఆపేసేవి, ఉంటాయి, అవి వ్యోమనౌకలో ఉండే 28 వోల్టుల డీసీకి తయారు చేసినవి. భూమి మీద టెస్టింగ్‌లో వాడే సప్లై మాత్రం 65 వోల్టులు. 1965లో స్పెసిఫికేషన్ మార్చారు గానీ ఆ స్విచ్‌లు మాత్రం మారలేదు, ఎవరూ పట్టుకోలేదు. ప్రయోగానికి ముందు మార్చిలో ట్యాంకు ఖాళీ చెయ్యడం కోసం హీటర్లు సుమారు 8 గంటలు ఆన్‌లో ఉంచారు, స్విచ్ తెరుచుకోబోతే 65 వోల్టుల ఆర్క్‌కి కాంటాక్టులు వెల్డ్ అయిపోయాయి, ఇక ఆగలేదు. హీటరు గొట్టం దగ్గర వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుందని తర్వాత తేలింది, వైర్ల మీద టెఫ్లాన్ ఇన్సులేషన్ దెబ్బ తింది, పేలుడికి దారి వేసింది అదే. మరి మీటరు చూసేవాళ్ళు లేరా అంటే, ఉన్నారండీ, కానీ ఆ గేజి సుమారు 27 డిగ్రీల పైన చూపించలేదు, ముల్లు అక్కడే ఆగిపోయింది, అంతా బాగానే ఉందనుకున్నారు. నేను ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు ఆ గేజి దగ్గరే ఆగిపోతారు. ఆ స్విచ్‌ని ఒకే ఒక్కసారి 65 వోల్టుల మీద లోడుతో తెరిచి చూసి ఉంటే బల్ల మీదే వెల్డ్ అయ్యేది.

ఇంకా వెనక్కి వెళ్తే 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ కేబుల్. సిగ్నల్ చాలా బలహీనంగా వస్తుంటే విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయనే, తక్కువ వోల్టేజ్ చాలు, సున్నితమైన గాల్వనోమీటరుతో, అంటే చాలా చిన్న కరెంటుని కూడా చూపే మీటరుతో, చదువుదాం అన్నాడు. వైట్‌హౌస్ అనే ఆయన మాత్రం పెద్ద ఇండక్షన్ కాయిల్స్ తెచ్చి సుమారు 2000 వోల్టులు ఎక్కించాడు. అప్పటికే ఆ కేబుల్ ఇన్సులేషన్‌లో లోపాలున్నాయి, ఈ దెబ్బతో మొదటి సందేశాలు వెళ్ళిన కొద్ది వారాలకే మూగబోయింది. అది కూడా కావాలని చేసిన ఓవర్‌లోడే కదా, కానీ ఒక్క ముక్క మీద చేసి చూడాల్సింది మొత్తం కేబుల్ మీద చేశారు.

అందుకని ఏది చెయ్యొచ్చు ఏది చెయ్యకూడదు అనేది కూడా గట్టిగానే చెప్తాను, మీరు వేస్తే ఈ పేరా తప్పకుండా వెయ్యండి. ఒంటరిగా ఇంట్లో ఏదీ కాల్చొద్దు. మెయిన్స్‌తో అసలు వద్దు. ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే కంప్యూటర్లలో ఉండే రకం సప్లైలో, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ 325 వోల్టుల దగ్గర సుమారు 11.6 జౌల్స్ పట్టుకుని ఉంటుంది, కిలో బరువు మీటరు పైన ఎత్తు నుంచి పడ్డంత, ప్లగ్ పీకాక కూడా అది లోపలే ఉండొచ్చు. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి వెళ్ళి ఎందరో పోయారు, అది ఇచ్చే 2000 వోల్టుల దగ్గర రెండో అవకాశం ఉండదు. లిథియం బ్యాటరీని ఓవర్‌చార్జ్ చెయ్యడం నేను ల్యాబ్‌లో కూడా చూపించను, ఒకసారి మొదలయితే ఆపే దారి నా దగ్గర లేదు. చేసేదల్లా తక్కువ వోల్టేజ్, కరెంటు లిమిట్, మూత ఉన్న పెట్టె, కళ్ళద్దాలు, పొగ బయటికి పోయే ఫ్యాను, పక్కన తెలిసిన మనిషి. రిపేర్ చేసిన సప్లైకి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మాత్రం సీరీస్ బల్బు, అంటే సప్లైకి వెళ్ళే కరెంటు దారిలోనే వరసగా పెట్టిన బల్బు, లేకుండా ఇవ్వొద్దు. 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో ఉంటే లోపల ఎంత షార్ట్ ఉన్నా అర ఆంప్ లోపలే ఆగుతుంది, బల్బు భగ్గున వెలుగుతుంది, సప్లై బతికిపోతుంది. బాగుంటే ఒక్క క్షణం మెరిసి మసకబారుతుంది. ఎల్‌ఈడీ బల్బులు దీనికి పనికిరావు, అందుకే నా దగ్గరున్న నాలుగు ఫిలమెంట్ బల్బుల్ని గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను.

నేను అడిగేవి రెండే. ల్యాబులు నడిపేవాళ్ళు టర్ముకి ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, పార్టుల్ని కాల్చి చూపించడానికి కేటాయించాలి, కాల్చిన పిల్లాడి దగ్గర డబ్బులు వసూలు చెయ్యడం మానెయ్యాలి. ఇక మీ పేపరుకి, ఆ భయపెట్టే రైటప్ వేసిన చోటే వారానికొకటి, కాలిన పార్టు ఫోటో వేసి అది ఎందుకు పోయింది, పోయే ముందు ఏ గుర్తు చూపించింది అని నాలుగు లైన్లు వెయ్యండి. ఉబ్బిన కెపాసిటర్, నల్లబడ్డ ఫ్యూజు, రంగు మారిన ప్లగ్ పిన్ను, ఇవి ప్రతి ఇంట్లో ఏదో రోజు కనబడేవే. ఫోటోలు నేను పంపిస్తాను, ఒక పెట్టె నిండా ఉన్నాయి నా దగ్గర, మొదటిది మాత్రం ఆ రాగి పోగు చుట్టిన ఫ్యూజుదే వెయ్యండి, చుట్టిన కుర్రాడి పేరు నేను అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఒక ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్